సాస్ ఒప్పందంలో ముందుగా చదవాల్సింది బయటికొచ్చే షరతు

సాఫ్ట్‌వేర్‌ను కొని మన కంప్యూటర్లో ఎక్కించుకోవడం ఒక పద్ధతి. చందా కట్టి, దాన్ని అందించే కంపెనీ (వెండర్) సర్వర్లో నడిచే సాఫ్ట్‌వేర్‌ను బ్రౌజర్లో వాడుకోవడం ఇంకో పద్ధతి. ఈ రెండోదే సాఫ్ట్‌వేర్ యాజ్ ఎ సర్వీస్, వాడుకలో సాస్. 1999లో మొదలైన సేల్స్‌ఫోర్స్ దీన్ని పెద్ద వ్యాపారంగా నిలబెట్టింది. 2013లో అడోబీ తన డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లను చందా మీదే ఇస్తామని తేల్చి చెప్పింది. మన దగ్గర చెన్నైలో జోహో, ఫ్రెష్‌వర్క్స్ పెరిగాయి. హైదరాబాద్‌లో డార్విన్‌బాక్స్, కేకా, జెనోటి వంటివి జీతాల లెక్కల నుంచి సెలూన్ అపాయింట్‌మెంట్ల దాకా ఇదే పద్ధతిలో నడిపిస్తున్నాయి. ఇవాళ విజయవాడలోనో వరంగల్‌లోనో 30 మంది పనిచేసే సంస్థలో కూడా మెయిలు, హాజరు, జీతాలు, బిల్లింగ్‌లలో ఏదో ఒకటి సాస్ మీద ఉండే ఉంటుంది.

ఇక్కడొక తేడా గమనించాలి. టాలీ లైసెన్సును వేరేవాళ్ల సర్వర్లో పెట్టి రిమోట్ డెస్క్‌టాప్ మీద తెరుచుకునే ఏర్పాటును చాలామంది సాస్ అనుకుంటారు. అది అద్దె కంప్యూటర్ మాత్రమే. లైసెన్సు మనదే, వెర్షన్ మార్చుకోవడం మన పనే. బ్యాకప్ ఎవరి పని అన్నది మాత్రం చాలా ఒప్పందాల్లో రాసి ఉండదు. హార్డ్‌డిస్క్ పోయిన రోజున ఇద్దరూ ఎదుటివాడి పనే అనుకుంటూ ఉంటారు. అసలు సాస్‌లో ఒకే ప్రోగ్రామ్‌ను వేలమంది ఖాతాదారులు పంచుకుంటారు. దాని లాభాలూ ఇబ్బందులూ చాలావరకు ఈ పంచుకోవడం నుంచే వస్తాయి.

సాస్‌తో వెండర్‌కు అప్పగించేది యంత్రాన్ని నడిపే పని. బాధ్యత మాత్రం మారదు. లెక్క చూపమని ఆడిటర్ మననే అడుగుతాడు, డేటా బయటికి పోతే నోటీసు మనకే వస్తుంది. అందుకే ఫీచర్ల పట్టిక కన్నా ముందు చూడాల్సిన ప్రశ్న ఒకటుంది: రేపు ఈ సేవ ఆగిపోతే, లేదా మనమే మానేయాలనుకుంటే, మన దగ్గర ఏం మిగులుతుంది?

లాభం ఎక్కడ నిజం

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వరద విజయవాడలో అజిత్ సింగ్ నగర్, పాయకాపురం వైపు కాలనీలను రోజుల తరబడి ముంచింది. అలాంటి చోట గ్రౌండ్ ఫ్లోర్‌లో టేబుల్ కింద సర్వర్, దాని పక్కనే బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఉన్న దుకాణానికి రెండూ ఒకేసారి పోతాయి. అదే ఖాతాలు సాస్‌లో ఉంటే నీళ్లు తగ్గేదాకా ఆగక్కర్లేదు. బంధువుల ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచి ఎవరి దగ్గర ఎంత రావాలో చూసుకోవచ్చు, ఇన్సూరెన్స్ క్లెయిముకు స్టాకు జాబితా తీసుకోవచ్చు. చిన్న వ్యాపారానికి సాస్ ఇచ్చే అతి పెద్ద లాభం ఇదే, అమ్మకాల స్లైడుల్లో మాత్రం దీన్ని చివర్లో ఎక్కడో పెడతారు.

రెండోది చట్టాల మార్పు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారి, 12, 28 శాతం శ్లాబుల్లోని సరుకుల్లో అత్యధికం 5కో 18కో చేరాయి. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు సాస్ వెండర్ తన ప్రోగ్రామ్‌ను ఒకచోట మారిస్తే ఖాతాదారులందరికీ మారుతుంది. సొంత సర్వర్ ఉన్నవాళ్లు ప్యాచ్ తెప్పించుకోవాలి, ఎక్కించేవాణ్ని పిలిపించుకోవాలి, పాత వెర్షన్‌కు ప్యాచ్ రాదంటే అప్‌గ్రేడ్ కొనాలి. అయితే ఏ సరుకు ఏ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకుల్ని వర్గీకరించే నంబరు) కిందికొస్తుందో వెండర్ చూసిపెట్టడు. మన సరుకుల జాబితాలో (ఐటమ్ మాస్టర్‌లో) కోడ్ తప్పుంటే కొత్త రేటూ తప్పే పడుతుంది.

భద్రత విషయంలో కూడా నిజం చెప్పుకోవాలి. సర్వర్‌ను నెలకోసారి వచ్చే కంప్యూటర్ అబ్బాయి చూసుకునే సంస్థ కన్నా, రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే బృందం ఉన్న మంచి వెండర్ దగ్గరే డేటా భద్రంగా ఉంటుంది. ‘డేటా మన గదిలోనే ఉంది కాబట్టి క్షేమం’ అనుకోవడానికి చాలా చోట్ల ఆధారమే లేదు.

ఐదేళ్ల లెక్క

40 మంది లాగిన్‌లున్న ఒక పంపిణీ సంస్థకు కాగితం మీద లెక్క వేద్దాం. అంకెలు ఊహించినవే, ఎవరి అంకెలు వాళ్లు వేసుకోవచ్చు. ఒక్కో సీటుకు, అంటే ఒక్కో లాగిన్‌కు, నెలకు 900 రూపాయలనుకుంటే నెలకు 36,000, ఏడాదికి 4,32,000. రెన్యువల్‌లో ఏటా 10 శాతం పెంచుతూ పోతే ఐదేళ్లకు సుమారు 26.37 లక్షలు. సొంతంగా కొంటే లైసెన్సులు 9 లక్షలు, సర్వర్, యూపీఎస్, బ్యాకప్ డిస్కులు 3.5 లక్షలు, ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, యాంటీవైరస్ 1.5 లక్షలు, రెండో ఏడు నుంచి లైసెన్సు విలువలో 18 శాతం చొప్పున వార్షిక నిర్వహణ రుసుము (ఏఎంసీ) నాలుగేళ్లకు 6.48 లక్షలు. మొత్తం 20.48 లక్షలు.

ఇక్కడే ఆపితే కొనడమే చవక. కానీ ఆ సర్వర్‌ను చూసుకునే మనిషికి నెలకు 20,000 చొప్పున ఐదేళ్లకు 12 లక్షలు కలిపితే 32.48 లక్షలవుతుంది, అప్పుడు సాస్ చవక. అంటే ఇంత పెద్ద పట్టికలో ఫలితాన్ని తిప్పేసేది ఒక్క పద్దు. ఐటీ మనిషి ఇప్పటికే జీతం మీద ఉన్న సంస్థకు ఒక జవాబు, లేని సంస్థకు ఇంకో జవాబు. వెండర్ చూపే లెక్కలో ఈ పద్దు ఎంత వేశాడో ముందు చూడాలి. ఏటా పెరిగే శాతం సున్నా అని వేశాడేమో కూడా.

సీట్ల లెక్కలో డబ్బు నిశ్శబ్దంగా కారిపోతుంది. 40 మందిలో 12 మంది రిపోర్టు చూడటానికే లాగిన్ అవుతుంటే ఏడాదికి 1,29,600 రూపాయలు చూపుకే ఖర్చయినట్టు. చాలా సాఫ్ట్‌వేర్లలో రిపోర్టును రోజూ ఉదయం పీడీఎఫ్‌గా మెయిలుకు పంపే సదుపాయం ఉంటుంది, వాళ్లకు అది చాలు. డబ్బు మిగల్చాలని ఒకే లాగిన్‌ను నలుగురు పంచుకుంటే మాత్రం రెండు చోట్ల దెబ్బ: ఒప్పందం ఉల్లంఘన ఒకటి, బిల్లు ఎవరు మార్చారో తేలకపోవడం రెండోది.

ఏడాది ఒప్పందంలో సీట్లు పెంచుకోవడం ఒక్క క్లిక్‌తో అవుతుంది, తగ్గించుకోవడం రెన్యువల్ దాకా కుదరదు. ఐదో నెల చివర్లో 12 మంది మానేస్తే మిగిలిన ఏడు నెలలకు 75,600 రూపాయలు ఖాళీ కుర్చీలకు కట్టినట్టే. అందుకే మొదటి ఏడాది ఉన్నవాళ్లందరికీ కాకుండా, కచ్చితంగా వాడేవాళ్లకే తీసుకుని తర్వాత పెంచుకోవడం మేలు.

పన్ను సంగతి. సాస్ మీద జీఎస్టీ 18 శాతం. పన్ను పడే సరుకులమ్మే సంస్థకు అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. వైద్య సేవల మీద జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఆసుపత్రికి ఆ 18 శాతం నేరుగా ఖర్చే, లెక్కలో కలుపుకోవాలి. బిల్లు విదేశీ కంపెనీ పేరు మీద వస్తే రివర్స్ చార్జ్ కింద పన్ను మనమే నగదు లెడ్జర్ నుంచి కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. వెండర్ పోర్టల్లో మన జీఎస్టీ నంబరు (జీఎస్టీఐఎన్) నమోదు చేయకపోతే రిజిస్ట్రేషన్ లేని వినియోగదారుగా లెక్కగట్టి వాళ్లే పన్ను వేస్తారు, ఆ పన్నుకు క్రెడిట్ రాదు. ఖాతా తెరిచిన మొదటి రోజే బిల్లింగ్ సెట్టింగ్స్‌లో చేయాల్సిన రెండు నిమిషాల పని ఇది.

సేవ ఆగే మామూలు కారణాలు

పెద్ద సైబర్ దాడుల కన్నా ముందు చిన్న కారణాలతోనే సేవ ఆగుతుంది. కార్డు మీద ఆటోపే పెట్టుకుంటే, రిజర్వ్ బ్యాంక్ ఈ-మాండేట్ నిబంధనల ప్రకారం 15,000 రూపాయలు దాటిన సాఫ్ట్‌వేర్ చెల్లింపుకు ప్రతిసారీ ఓటీపీ కావాలి. మొదటి ఏడు 14,000 ఉన్న చందా రెండో ఏడు 15,400 అవుతుంది. ఓటీపీ అప్పటికే మానేసిన అకౌంటెంట్ ఫోనుకు పోతుంది. వెండర్ హెచ్చరిక మెయిళ్లు కూడా ఆయన ఐడీకే వెళ్తుంటాయి. పది పదిహేను రోజుల గడువు గడిచాక ఒక ఉదయం ఎవరికీ లాగిన్ అవదు.

దీనికి మందు చాలా మామూలుది. అడ్మిన్ ఖాతా ఏ ఉద్యోగి వ్యక్తిగత జీమెయిల్ మీదా ఉండకూడదు, సంస్థ డొమైన్‌లోని ఐడీ మీద ఉండాలి. అడ్మిన్లు ఇద్దరుండాలి, వాళ్లలో ఒకరు యజమానో భాగస్వామో అయితే మంచిది. డొమైన్ పేరు కూడా వెబ్‌సైట్ చేసిచ్చినతని పేరు మీద కాకుండా సంస్థ పేరు మీదే రిజిస్టర్ అయి ఉండాలి. డొమైన్ చేతిలో ఉన్నవాడు మెయిలును దారి మళ్లించగలడు. మెయిలు చేతికొస్తే మిగతా సేవల పాస్‌వర్డులన్నీ మార్చేయగలడు.

తర్వాత ఇంటర్నెట్. రెండు కంపెనీల లైన్లు తీసుకున్నామని ధీమాగా ఉంటారు, రెండు ఫైబర్లూ ఒకే కరెంటు స్తంభం మీదుగా వస్తుంటాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విద్యుత్ ప్రమాదాల తర్వాత స్తంభాల మీది కేబుళ్లను తొలగించినప్పుడు చాలా ప్రాంతాల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. అలాంటప్పుడు రెండో ఫైబర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఒక లైను ఫైబర్, రెండోది మొబైల్ టవర్ మీద నడిచే 4జీ లేదా 5జీ రౌటర్‌గా ఉంచుకోవాలి. రౌటర్‌కు, స్విచ్‌కు కూడా యూపీఎస్ ఉందో లేదో చూసుకోవాలి. కంప్యూటర్లకు బ్యాకప్ పెట్టి రౌటర్‌ను మర్చిపోయే ఆఫీసులు తక్కువేం కాదు.

వెండర్ వైపు అంతరాయానికి ఎస్‌ఎల్‌ఏ అనే హామీ ఉంటుంది. 99.9 శాతం అంటే 30 రోజుల నెలలో 43 నిమిషాల దాకా ఆగినా హామీ నిలబడినట్టే. 99.5 శాతమైతే 3 గంటల 36 నిమిషాలు. ముందుగా ప్రకటించిన మెయింటెనెన్స్ చాలా ఒప్పందాల్లో ఈ లెక్కలోకి రాదు. హామీ తప్పితే వచ్చేది సాధారణంగా ఆ నెల చందాలో కొంత శాతం క్రెడిట్, అదీ గడువులోగా మనమే అడిగితే. నెలకు 36,000 కట్టే సంస్థకు 10 శాతం క్రెడిట్ అంటే 3,600 రూపాయలు. ఆ రోజు లారీలు కదలక పోయిన అమ్మకాలకూ దీనికీ పొంతన లేదు. కాబట్టి ఎస్‌ఎల్‌ఏను నష్టపరిహారంగా లెక్కేసుకోకూడదు. వెండర్ స్టేటస్ పేజీలో గత ఏడాది అంతరాయాల చరిత్ర చదివితే ఎక్కువ తెలుస్తుంది.

బిల్లింగ్ సాస్ ఆగినా సరుకు కదలాలంటే దారి ఒకటుంది. ఈ-ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు ప్రభుత్వ పోర్టళ్ల యూజర్‌నేమ్, పాస్‌వర్డు వెండర్ దగ్గరే కాకుండా సంస్థ దగ్గరా ఉండాలి. నేరుగా పోర్టల్లో లాగిన్ అయి బిల్లు తయారు చేయడం ఇద్దరికైనా నేర్పాలి. ఆ రోజు వాడటానికి ఇన్‌వాయిస్ నంబర్లకు వేరే సిరీస్ ముందే పెట్టుకుంటే, సేవ తిరిగొచ్చాక నంబర్లు ఢీకొనవు.

ఎక్కువకాలం ఆగితే

2022 ఏప్రిల్ 5న అట్లాసియన్ అనే సాస్ కంపెనీలో ఒక పాత యాప్‌ను తొలగించే పని పెట్టుకున్నారు. తొలగించాల్సిన యాప్ ఐడీల బదులు ఖాతాదారుల సైట్ల ఐడీలు స్క్రిప్టుకు అందాయి. శాశ్వతంగా చెరిపేసే పద్ధతిలో నడిచిన ఆ స్క్రిప్టు 775 మంది ఖాతాదారుల సైట్లను తీసేసింది. కొందరికి సేవ 14 రోజుల దాకా రాలేదు. బ్యాకప్‌లు లేక కాదు, ఉన్నాయి. కానీ అందరి డేటా కలిసి ఉన్న నిల్వలోంచి కొందరి డేటాను మాత్రం ఏరి వెనక్కి పెట్టే యంత్రాంగం అంత పెద్ద ఎత్తున సిద్ధంగా లేదు. సాస్‌లో బ్యాకప్ గురించి అడగాల్సిన ప్రశ్న ఇక్కడుంది. ‘బ్యాకప్ ఉందా’ అంటే అందరూ ఉందనే అంటారు. ‘మా ఒక్కరి డేటాను నిన్నటి స్థితికి తేవడానికి ఎన్ని గంటలు పడుతుంది, చివరిసారి అలా ఎప్పుడు చేసి చూశారు’ అని అడగాలి.

మన ఉద్యోగే పొరపాటున చెరిపేస్తే పరిస్థితి ఇంకా ఇరుకు. గూగుల్ వర్క్‌స్పేస్‌లో డిలీట్ చేసిన యూజర్‌ను వెనక్కి తెచ్చుకోవడానికి 20 రోజులు, మైక్రోసాఫ్ట్ 365లో 30 రోజులు గడువు. మానేసిన మేనేజరు ఖాతాను చందా మిగులుతుందని వెంటనే డిలీట్ చేసి, రెండు నెలల తర్వాత జీఎస్టీ నోటీసుకు జవాబివ్వడానికి ఆయన మెయిళ్లు కావాల్సి వస్తే, ఉండవు. ఉద్యోగి వెళ్లిన రోజు ముందు అన్ని పరికరాల్లో సైన్ అవుట్ చేయించాలి, తర్వాత పాస్‌వర్డు మార్చాలి, ఫైళ్ల యాజమాన్యం ఇంకొకరికి బదిలీ చేయాలి, మెయిల్‌బాక్స్ కాపీ తీయాలి. లైసెన్సు తీసేయడం ఆ తర్వాతే.

2024 మేలో ఆస్ట్రేలియాలో యూనీసూపర్ అనే పింఛను నిధికి గూగుల్ క్లౌడ్‌లో ఉన్న ప్రైవేట్ క్లౌడ్, గూగుల్ వైపు జరిగిన ఒక సెట్టింగ్ పొరపాటు వల్ల చెరిగిపోయింది. ఆ సంస్థ వేరే కంపెనీ దగ్గర కూడా ఒక బ్యాకప్ ఉంచుకోవడం కోలుకోవడానికి తోడ్పడింది. చిన్న సంస్థకు కూడా ఇది సాధ్యమే: వారానికోసారి డేటా అంతటినీ ఫైళ్లుగా దించుకుని (పూర్తి ఎక్స్‌పోర్టు), ఆ వెండర్‌తో సంబంధం లేని చోట పెట్టుకోవడం.

డేటా ఎటు జారుతుంది

2024లో స్నోఫ్లేక్ అనే క్లౌడ్ డేటా నిల్వ సేవను వాడుతున్న సుమారు 165 సంస్థల ఖాతాలు దాడికి గురై ఉండొచ్చని తేలింది. స్నోఫ్లేక్ వ్యవస్థను ఎవరూ పగలగొట్టలేదు. ఖాతాదారుల దగ్గర ఎప్పుడో దొంగిలించిన పాస్‌వర్డులతో దర్జాగా లాగిన్ అయ్యారు. ఆ ఖాతాలకు రెండో అంచె తనిఖీ, అంటే ఓటీపీ వంటిది, పెట్టి లేదు. మరుసటి ఏడు ఆగస్టులో సేల్స్‌లాఫ్ట్ వాళ్ల డ్రిఫ్ట్ అనే చాట్ సాఫ్ట్‌వేర్ నుంచి అనుసంధాన టోకెన్లు, అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానిలోకి వెళ్లడానికి వాడే డిజిటల్ తాళంచెవులు, దొంగతనమయ్యాయి. వాటితో 700కు పైగా సంస్థల సేల్స్‌ఫోర్స్ డేటాలోకి చొరబడ్డారు. టోకెన్ ఉన్నవాడికి పాస్‌వర్డు అక్కర్లేదు, ఓటీపీ అడగదు.

ఈ రెండింటినీ కలిపి చూస్తే చేయాల్సింది తేలుతుంది. అందరికీ రెండో అంచె తనిఖీ తప్పనిసరి, యజమానికి మినహాయింపు ఇవ్వకూడదు. ‘కనెక్టెడ్ యాప్స్’ పేజీని మూడు నెలలకోసారి తెరిచి, ఎప్పుడో ట్రయల్‌కు కలిపి వదిలేసిన వాటిని తీసేయాలి. మన ప్రధాన సాఫ్ట్‌వేర్ ఎంత గట్టిదైనా, దానికి తగిలించిన చిన్న యాప్‌కు పూర్తి అనుమతి ఇస్తే ఆ యాప్ భద్రతే మన భద్రత అవుతుంది.

పంచుకోవడంలోని ముప్పు మన దేశంలోనూ కనిపించింది. 2024 జులై చివర్లో చిన్న సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ మీద, డేటాకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ముప్పు పాకకుండా యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ దాన్ని చెల్లింపుల వ్యవస్థ నుంచి వేరు చేయడంతో సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ, ఏటీఎం సేవలు తాత్కాలికంగా ఆగాయి. ఆ బ్యాంకుల్లో ఏ ఒక్కటీ తన తప్పుతో ఆగలేదు.

చట్టం ఎవరిని అడుగుతుంది

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ (ఏ మార్పు ఎప్పుడు జరిగిందన్న చిట్టా) ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలి, ఆ లాగ్‌ను ఆపే వీలుండకూడదు. ఖాతాలు విదేశీ సర్వర్లో ఉన్నా వాటి బ్యాకప్ రోజూ భారతదేశంలోని సర్వర్లో ఉండాలి. క్లౌడ్‌లో ఉంచితే సేవ ఇచ్చేవారి వివరాలను ఏటా కంపెనీల రిజిస్ట్రార్‌కు తెలపాలి. ‘మా డేటా సెంటర్ సింగపూర్‌లో ఉంది’ అని వెండర్ చెబితే, రోజువారీ బ్యాకప్ ఇండియాలో ఎక్కడుంటుందో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆడిటర్ అడిగేది అదే.

వ్యక్తుల సమాచారం విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సూటిగా ఉంది. డేటాను ప్రాసెస్ చేసే పని వేరేవాళ్లకు అప్పగించినా బాధ్యత సేకరించిన సంస్థదే. తగిన భద్రత లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయొచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని, లాగ్‌లు 180 రోజులు ఉంచాలని 2022 ఏప్రిల్ ఆదేశాలున్నాయి. ఇక్కడ చిక్కేమిటంటే, చాలా సాస్ సేవల చవక ప్లాన్లలో లాగ్‌లు కొద్ది రోజులే ఉంటాయి, లేదా ఆడిట్ లాగ్ ఖరీదైన ప్లాన్‌లోనే దొరుకుతుంది. ధరలు పోల్చేటప్పుడు చవక ప్లాన్‌ను కాదు, ఆడిట్ లాగ్ ఉన్న ప్లాన్‌ను పోల్చాలి.

బయటికొచ్చే దారి

2025 జులైలో గుజరాత్‌లో రిఫైనరీ ఉన్న నయారా ఎనర్జీకి ఔట్‌లుక్, టీమ్స్ సేవలు ఆగిపోయాయి. ఐరోపా సమాఖ్య ఆంక్షల నేపథ్యంలో మైక్రోసాఫ్ట్ సేవలు నిలిపివేసిందని, చందా కట్టినా తన డేటానే తనకు అందకుండా పోయిందని ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. కొన్ని రోజులకే సేవలు తిరిగొచ్చాయి. కోర్టుకెళ్లే స్థోమత ఉన్న కంపెనీకి కొన్ని రోజులు పట్టింది. 40 మంది పనిచేసే సంస్థ సొంత దారి చూసుకోకపోతే ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ చెప్పలేరు. వెండర్ మూతపడే ప్రమాదమూ ఉంది. 2013లో నిర్వానిక్స్ అనే క్లౌడ్ నిల్వ సంస్థ మూతపడుతూ, డేటా తీసుకెళ్లడానికి ఖాతాదారులకు మొదట రెండు వారాలే గడువిచ్చింది.

చట్టం అడిగే కాలానికీ వెండర్ ఇచ్చే కాలానికీ మధ్య దూరం చూడండి. కంపెనీ ఖాతాలు 8 ఏళ్లు ఉంచాలి, జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు. చందా ఆపాక చాలామంది వెండర్లు డేటాను ఉంచేది 30 నుంచి 90 రోజులు. ఈ మధ్యకాలాన్ని నింపేది మన ఎక్స్‌పోర్టు ఒక్కటే.

ఎక్స్‌పోర్టు బటన్ ఉందని తృప్తి పడితే చాలదు. చాలాచోట్ల సీఎస్‌వీ అనే సాదా టెక్స్ట్ ఫైలులో వచ్చేది పట్టిక మాత్రమే. బిల్లుకు జతచేసిన స్కాన్ కాపీలు, ఎవరు ఎప్పుడు ఆమోదించారన్న చరిత్ర, ఏ రసీదు ఏ బిల్లుకు సర్దుబాటైందన్న లంకె అందులో ఉండవు. జీతాల సాఫ్ట్‌వేర్ నుంచి నెలవారీ పే స్లిప్పులు, పీఎఫ్ నెలవారీ రిటర్ను (ఈసీఆర్) ఫైళ్లు, ఫారం 16లు, తేదీలతో సహా సెలవుల ఖాతా విడిగా తీసుకోవాలి. బిల్లింగ్ నుంచి ఐఆర్‌ఎన్ (ఇన్‌వాయిస్ రిఫరెన్స్ నంబరు), క్యూఆర్ కోడ్ ఉన్న సంతకం చేసిన ఈ-ఇన్‌వాయిస్ ఫైళ్లు కావాలి.

ఫైలు వచ్చాక తెరిచే తీరులో కూడా డేటా పాడవుతుంది. సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు. 15 అంకెలు దాటిన బ్యాంకు ఖాతా నంబర్లలో తర్వాతి అంకెలు సున్నాలవుతాయి, ముందున్న సున్నాలు పోతాయి, 12 అంకెల ఈ-వే బిల్లు నంబరు 1.23E+11 వంటి రూపంలోకి మారుతుంది, తేదీలో రోజూ నెలా తారుమారవుతాయి. ఆ స్థితిలో సేవ్ చేస్తే అసలు డేటా ఇక రాదు. డేటా మెనూలోంచి ఫైలును ఇంపోర్ట్ చేసి, తెలుగు అక్షరాలు సరిగ్గా రావడానికి యూటీఎఫ్-8 ఎంచుకుని, నంబర్ల కాలమ్‌లను టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. అసలు ఫైలును ముట్టుకోకుండా వేరే కాపీ మీద పనిచేయాలి.

ట్రయల్ గడువును ఇందుకు వాడుకోవడం ఉత్తమం. డేటా ఎక్కించడం ఎంత సులువో వెండర్ చూపిస్తాడు, బయటికి తీయడం మనం చేసి చూడాలి. ఒక నెల నిజమైన లావాదేవీలు ఎక్కించి, పూర్తి ఎక్స్‌పోర్టు తీసి, అందులోంచే ట్రయల్ బ్యాలెన్స్ తయారుచేసి, తెర మీది అంకెతో పైసలతో సహా సరిపోతుందో చూడాలి. ఏవైనా 20 బిల్లులు ఎంచుకుని జతచేసిన కాగితాలతో సహా దొరుకుతాయేమో వెతకాలి. ఇది అకౌంటెంట్‌కు ఒకటి రెండు రోజుల పని. ఈ పరీక్షలో నిలవని సాఫ్ట్‌వేర్‌ను, ఎన్ని ఫీచర్లున్నా, ఖాతాలకు తీసుకోకపోవడమే మంచిది. హాజరు, టికెట్లు, మీటింగుల వంటి వాటికైతే ఇంత పట్టింపు అక్కర్లేదు, ఆ డేటా పోయినా వ్యాపారం ఆగదు. కౌంటర్ బిల్లింగ్‌కు మాత్రం నెట్ లేకున్నా బిల్లు కొట్టి తర్వాత కలుపుకునే ఆఫ్‌లైన్ సదుపాయం తప్పనిసరి. తూకం యంత్రానికో ఉత్పత్తి యంత్రానికో కట్టిన సాఫ్ట్‌వేర్‌ను స్థానికంగానే ఉంచాలి.

ఒప్పందంలో రాయించుకోవాల్సినవి నాలుగే. ఒకటి, రెన్యువల్ ధర ఏటా ఇంత శాతానికి మించదని. రెండు, సేవ నిలిపివేయడానికి ముందు కనీసం 30 రోజుల రాతపూర్వక నోటీసు, నిలిపేసినా చదవడానికీ ఎక్స్‌పోర్టుకీ అనుమతి. మూడు, చందా ముగిశాక కనీసం 90 రోజులు అదనపు రుసుము లేకుండా, జతచేసిన ఫైళ్లతో సహా డేటా తీసుకునే హక్కు. నాలుగు, ఆ తర్వాత డేటాను బ్యాకప్‌ల నుంచి కూడా చెరిపేసినట్టు రాతలో ధ్రువీకరణ. పెద్ద విదేశీ వెండర్లు చిన్న ఖాతాదారు కోసం తమ ఒప్పందం మార్చరు. అలాంటప్పుడు బేరమాడగలిగింది చందా కాలం మీదే: మూడేళ్లకు ఇచ్చే తగ్గింపు వదులుకుని ఏడాదికే సంతకం చేయడం, ఆటో రెన్యువల్‌ను మొదటి రోజే ఆపేయడం, రెన్యువల్ తేదీకి 90 రోజుల ముందు ఇద్దరి క్యాలెండర్లలో గుర్తు పెట్టుకోవడం. ఆ 90 రోజుల్లో ఇంకో సాఫ్ట్‌వేర్‌ను ఒక శాఖలో పక్కపక్కన నడిపి చూసేందుకు వ్యవధి ఉంటుంది.